చెయ్యెత్తితే వచ్చే వాసన

ఆయన్ని అందరూ నిదానం అనే పిలిచేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. సెలూన్‌లో చివరి కుర్చీ ఆయనది. ఆయన గడ్డం గీస్తుంటే కుర్చీలోనే కునుకు తీసేవాళ్ళుండేవారు. గొంతు మీద కత్తి ఆడుతుంటే నిద్ర పట్టడమంటే ఆ చేతి మీద ఎంత నమ్మకమో మీరే చూసుకోండి. మిగతా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా, "పర్లేదు, నిదానం అయ్యేదాకా కూర్చుంటాం" అని పాత పత్రికలు తిరగేస్తూ బల్ల మీద బైఠాయించేవాళ్ళు. పక్క కుర్చీల వాళ్ళకి లోపల ఒళ్ళు మండినా పైకి నవ్వేవాళ్ళు.

అలాంటి మనిషి దగ్గరికి జనం రావడం తగ్గిపోయింది. ఒక్కసారిగా తగ్గితే ఏదో జరిగిందని తెలుస్తుంది, ఎవర్నో ఒకర్ని పట్టుకుని నిలదీయొచ్చు. ఇది అలా కాదు. ఇవాళ ఒకాయన తొందర పనుందంటూ మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఇంకోరోజు ఇంకొకాయన, కొత్త రకం కటింగ్ కావాలి, అది మొదటి కుర్చీ అతనికే బాగా వచ్చునని ఆ కుర్చీ ఎక్కాడు. ఎవరి సాకు వాళ్ళది. అన్నీ నమ్మదగ్గవే. ఏళ్ళ తరబడి ఆయన చేతికిందే తల వంచిన పొడుగాయన కూడా ఒకరోజు గుమ్మం దాకా వచ్చి, నిదానం కుర్చీ ఖాళీగా ఉండటం చూసి, మళ్ళీ వస్తానని వెనక్కి తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంటే వెనక్కి తిరగడమేమిటి? ఆ రోజు నిదానానికి అన్నం సహించలేదు.

క్షౌరం పని దగ్గర్నుంచి చూడని వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఆ పనిలో రెండు చేతులూ రోజంతా గాల్లోనే ఉంటాయి. కూర్చున్నవాడి ముక్కు ఎక్కడుంటుందో నిలబడ్డవాడి చంక సరిగ్గా అక్కడే ఉంటుంది. నిదానం కుడిపక్క జుట్టు కత్తిరిస్తుంటే కూర్చున్నవాళ్ళు ఎడమకి వాలిపోతున్నారు. ఎడమపక్కకి వస్తే కుడికి వాలిపోతున్నారు. "తల కాస్త నిటారుగా" అని వేళ్ళతో సర్దితే ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారు. ఇదంతా ఆయన చూస్తూనే ఉన్నాడు. చూసి, తప్పు తన నోటిదనుకున్నాడు. పచ్చి ఉల్లిపాయ మానేశాడు. నాలుక మొద్దుబారేదాకా లవంగాలు నమిలాడు. కూర్చున్నవాళ్ళతో మాట్లాడటం తగ్గించి, చివరికి పెదాలు బిగించుకుని పని చేయడం మొదలుపెట్టాడు. వాసన పోలేదు సరికదా, నిదానానికి ఈమధ్య పొగరెక్కిందని ఒక పుకారు కూడా పుట్టింది.

స్నానం విషయంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. పనికి వెళ్ళేముందోసారి, వచ్చాకోసారి వీపు ఎర్రబడేలా రుద్దుకునేవాడు. ఇక బట్టల సంగతంటారా, ఆయన భార్య ఉతికితే వాళ్ళుండే మేడలో అందరికీ ఆదర్శమే. ఆవిడ కుట్టు కేంద్రంలో మిషన్ మీద పనిచేసేది. ఇంటికొచ్చాక కూడా చేతులు ఊరుకునేవి కావు. కాలర్ అంచు, కఫ్ మడత విడివిడిగా రుద్దేది. పైగా ఆవిడ ముక్కు సామాన్యమైన ముక్కు కాదు. పై అంతస్తులో పాలు అడుగంటితే కింద ఈవిడ కేకేసేది. గోడ వెనకాల ఎలుక చచ్చిందని అందరికంటే ముందు చెప్పింది ఆవిడే. అలాంటి ఆవిడ చేతిమీదుగా వచ్చిన చొక్కా మీద అనుమానం రావాలంటే ముందు మతి పోవాలి.

చొక్కాలు మాత్రం మారాయి. పోయినేడు సెలూన్ యజమాని అందరికీ నల్ల చొక్కాలు కుట్టించాడు. యజమాని అంటే పరాయివాడు కాదు, నిదానానికి బావమరిది, ఆవిడకి స్వయానా తమ్ముడు. మామూలు నూలు చొక్కాకి వెంట్రుకలు పొడుచుకుని ఒక పట్టాన వదలవు. ఇవి జారుడు గుడ్డవి. ఒక్క దులుపు దులిపితే వెంట్రుక నిలవదు. ముడత పడవు, గంటలో ఆరిపోతాయి. అందరూ భలే ఉన్నాయన్నారు. బాగానే ఉన్నాయి కూడా.

ఒకరోజు మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు బావమరిది వచ్చి పక్కన నిలబడ్డాడు. వయసు మీద పడుతోందని, రోజంతా నిలబడితే కాళ్ళు ఏమైపోవాలని మొదలుపెట్టాడు. టవళ్ళు మరిగించడం, కత్తులు శుభ్రం చేయించడం, సామాన్లు తెప్పించడం లోపలి గదిలో కూర్చుని చూసుకోమన్నాడు. వచ్చే నెల ఒక కొత్త మనిషి వస్తున్నాడు, చివరి కుర్చీ అతనికిద్దామన్నాడు. కుర్చీ పోతే ఆయనకి ఇంకేం మిగులుతుంది? ఇంట్లో పెద్దగా మాట్లాడడు, వీధిలో స్నేహాలు లేవు. ఆయన మనుషుల్ని కలిసేది, నవ్వేది, నాలుగు కబుర్లు వినేది ఆ కుర్చీ వెనకాల నిలబడే. నిదానం ఎందుకని గట్టిగా అడిగాడు. బావమరిది అద్దంలోకి చూస్తూ అన్నాడు.

"చొక్కా, బావా. నువ్వు చెయ్యెత్తితే వాసన వస్తోంది. పొద్దున ఉండదు. మధ్యాహ్నం అయ్యేసరికి లేస్తుంది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పమంటావు? ఉతికేది అక్క."

నిదానానికి తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి మడతపెట్టిన చొక్కాలన్నీ బయటికి లాగి ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పూల వాసన. ఉతికాక ఆవిడ జాడించే నీళ్ళలో సీసాలోంచి పోసే సువాసన నీళ్ళ వాసన, ఘాటుగా, తుమ్ము వచ్చేంత ఘాటుగా. ఇంకే వాసనా లేదు. అప్పుడు ఆయనకి అంతా తేటతెల్లమైపోయిందనిపించింది. కొత్తవాణ్ణి పెట్టుకోవడానికి బావమరిది వేసిన ఎత్తు ఇది. ఎత్తు వేస్తే వేశాడు, అందులోకి సొంత అక్క ఉతికే పనిని లాగుతాడా? మర్నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పక్కపక్కనే నిలబడి, ఒకే అద్దంలో కనిపిస్తూ, దువ్వెన కావాల్సి వచ్చినా వేలితో చూపించుకునేవాళ్ళు.

సెలవురోజు పట్టపగలు జరిగింది అసలు సంగతి. మనసు బాగోలేక, ఊరికే కూర్చోలేక, ఎప్పుడూ లేంది నిదానం తనే ఇస్త్రీపెట్టె తీశాడు. ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని దిండు గలీబుకి అంచు కుడుతోంది. ఉతికి ఆరేసిన నల్ల చొక్కా బల్ల మీద పరిచి, కాస్త నీళ్ళు చిలకరించి, చంక దగ్గర పెట్టె ఆనించాడు. ఆవిరి లేచింది. దాంతోపాటే వాసన లేచింది. పాత చెమట, కుళ్ళిన ఉల్లిపాయ, వాటిమీద పూసిన పూల ఘాటు, అన్నీ కలిసి ముఖానికి కొట్టాయి. ఆయన పెట్టె పక్కనపెట్టి వెనక్కి అడుగేశాడు. చల్లటి గుడ్డలో పడుకుని ఉన్నది వేడి తగలగానే లేచి కూర్చుంది. ఇన్నాళ్ళూ తను చెయ్యెత్తినప్పుడల్లా ఇదా ఆ మనుషులందరి ముక్కులకీ తగిలింది? పొడుగాయనకి కూడానా? సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మరుక్షణం భార్య మీద కోపం ముంచుకొచ్చింది. ఇలాంటి దాన్ని రోజూ ఇస్త్రీ చేసి, మడతపెట్టి, నవ్వుతూ చేతికి ఎలా ఇచ్చింది? అనడానికి తిరిగాడు. ఆవిడ తలొంచుకుని పళ్ళతో దారం తెంపుతోంది. ఆవిరి నేరుగా ఆవిడ మీదకే పోతోంది. ముఖంలో ఏ మార్పూ లేదు. నిదానం ఆ వేడి చొక్కా తీసి ఆవిడ ముందు పెట్టాడు. సరిగ్గా ఉతికినట్టే ఉందా చూడమన్నాడు. ఆవిడ గట్టిగా వాసన పీల్చింది. పీల్చి, చొక్కా వైపు కాకుండా ఆయన ముఖం వైపు చూసింది. జవాబు అక్కడేమైనా రాసి ఉందా అన్నట్టు వెతికింది.

"బాగానే ఉందిగా," అంది.

అప్పుడు తెలిసింది ఆయనకి. మొన్నామధ్య ఆవిడకి మంచం పట్టించిన జ్వరం, ఆ తర్వాత ఆవిడ కూర్చున్న చోటే పాలు మాడిపోయి ఇల్లంతా పొగ కమ్మడం, ఏదో ధ్యాసలో ఉన్నానని ఆవిడ మాట దాటేయడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అవునని చొక్కా మడతపెట్టి లోపల పెట్టేశాడు. అడక్కపోవడం దయ అనుకున్నాడు గానీ, అందులో సగం పిరికితనమని నేనంటాను.

ఇక మర్నాటి నుంచి దొంగ ఉతుకు మొదలైంది. సెలూన్ లోపలి గదిలో టవళ్ళు మరిగించే తొట్టి ఉంది. టవల్‌కి వాసన పడితే మరగబెట్టడం ఆ పనిలో అందరికీ తెలిసిన మందు. నిదానం ఒక చొక్కా తెచ్చి అదే మందు వేశాడు. టవల్ నూలుది, తట్టుకుంటుంది. జారుడు గుడ్డ తట్టుకుంటుందా? నలిపి పారేసిన కాగితంలా ముడుచుకుని తేలింది. చిత్రమేమిటంటే వాసన మాత్రం అందులో నిక్షేపంగా ఉంది.

ఆ ముడుచుకుపోయినదాన్ని సంచిలో పెట్టుకుని పక్క సందులో ఇస్త్రీ కొట్టాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన చూసి కడుపుబ్బ నవ్వి, నవ్వడం అయ్యాక విడమరిచి చెప్పాడు. ఈ గుడ్డ నీళ్ళు తాగదట, ఒంటి జిడ్డు మాత్రం పట్టుకుని వదలదట. ఆ జిడ్డు మీద సువాసన నీళ్ళు పోస్తే ఇంకో పొర కప్పినట్టేనట, ఆపైన సబ్బు కూడా లోపలికి పోదట. పైన పూల వాసన, కింద అసలు వాసన, దానిమీద ఇస్త్రీపెట్టె పెట్టి అదిమితే అది గుడ్డకే అతుక్కుపోతుందట. ముందు ఆ సీసా అవతల పారెయ్యమన్నాడు. చొక్కా తిరగేసి, వెనిగర్ కలిపిన చల్లనీళ్ళలో నానబెట్టి, బాగా జాడించి, తర్వాత చంక దగ్గర వంటసోడా ముద్దగా పట్టించి మెత్తటి బ్రష్‌తో రుద్దమన్నాడు. మామూలు సబ్బుపొడితో ఉతికి, లోపలివైపు ఎండ తగిలేలా ఆరెయ్యమన్నాడు. ఒక్కసారికి పోతుందనుకోవద్దని, ఆరాక చంక దగ్గర అరచేతులతో రుద్ది వేడెక్కించి వాసన చూడమని, ఇంకా వస్తే మళ్ళీ మొదలుపెట్టమని చెప్పాడు.

నిదానం పేరుకి తగ్గట్టే చేశాడు. షాపు తెరవకముందే వెళ్ళి నానబెట్టేవాడు, గిరాకీ లేనప్పుడు రుద్దేవాడు, వెనక కిటికీ ఊచలకి ఆరేసేవాడు. ఆరినదాన్ని అరచేతులతో రుద్ది ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. మొదటిసారి ఏం తేడా లేదు. తర్వాత కాస్త తగ్గింది. ఇలా పట్టు వదలకుండా చేయగా చేయగా, ఒకరోజు గుడ్డ వాసన తప్ప ఇంకేం రాలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ చూశాడు. నిజంగానే లేదు. బావమరిది ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. ఒకసారి వాన చినుకు పడుతుంటే తనే పరుగెత్తి ఆ చొక్కాలు లోపలికి తెచ్చి తాడు మీద వేశాడు. కొత్త మనిషి సంగతి మళ్ళీ ఎత్తలేదు. దువ్వెనలు మాటలతో అడుక్కోవడం మొదలైంది. కొన్నాళ్ళకి పొడుగాయన వచ్చి, ఏమీ ఎరగనట్టు చివరి కుర్చీలో కూర్చుని, తల నిటారుగా పెట్టాడు. నిదానం గుడ్డ దులిపి ఆయన మెడ చుట్టూ కట్టాడు.

కుర్చీ దక్కింది. ఇంటి దగ్గర మాత్రం ఇంకో చిక్కు వచ్చిపడింది. ఉతకడానికి నల్ల చొక్కాలు రావడం లేదని ఆవిడ కనిపెట్టింది. కనిపెట్టి, కొన్నాళ్ళు కడుపులో పెట్టుకుంది. మొగుడు పొద్దున్నే వెళ్ళిపోతున్నాడు, వేరేచోట ఉతికిన చొక్కాతో తిరిగొస్తున్నాడు. ఏ ఆడదైనా ఏమనుకుంటుంది? ఒకరోజు సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే అడిగేసింది.

"నీ చొక్కాలు ఎవరు ఉతుకుతున్నారయ్యా?"

నేనేనన్నాడు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి చేతిరుమాలు కూడా ఉతకని మనిషి ఆ మాటంటే ఎవరు నమ్ముతారు? ఆవిడ నమ్మలేదు. తన ఉతుకు ఏం పాపం చేసిందని అడిగింది. అప్పటికి ఇక దాచడం ఆయన వల్ల కాలేదు. చొక్కాల సంగతి, కుర్చీ సంగతి, ఆ సెలవురోజు ఇస్త్రీ సంగతి అన్నీ చెప్పాడు. చెప్పినంతసేపూ నేలకేసి చూస్తూ చెప్పాడు. నీకు వాసన తెలియడం లేదని నాకు తెలుసే అన్నాడు చివర్లో.

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుందనుకున్నాడు. ఒత్తుకోలేదు. గోడకి ఆనుకుని కూర్చుంది.

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచి అంతే," అంది. "తిరిగొస్తుందిలే అనుకున్నా. ఆ సీసా నీళ్ళు రోజూ కాస్త ఎక్కువ పోస్తూ వచ్చా, ఇవాళ కాకపోతే రేపైనా తెలుస్తుందేమోనని. నువ్వు పనినుంచొచ్చి పక్కన కూర్చుంటే ఎవరో పరాయి మనిషి కూర్చున్నట్టుంటుందయ్యా నాకు."

నిదానానికి ఏడుపొచ్చింది. ఊళ్ళో వాళ్ళంతా తప్పించుకు తిరిగిన ఆ వాసన కోసం ఈ మనిషి ఒక్కతీ ఇన్నాళ్ళూ వెతుక్కుంటోందా అనిపించింది. దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. డాక్టరుకి చూపిద్దామన్నాడు, సరేనంది. తర్వాత ఆవిడే ఒక మాట అడిగింది. వంట సంగతి, పాల సంగతి ఎలాగోలా చూసుకుంటుందట. తన ఒంటి సంగతి మాత్రం తనకి తెలియదు కాబట్టి రోజూ పొద్దున ఆయనే చూసి చెప్పాలట. ఆయనకి ఎవరూ చెప్పకపోతే ఏమైందో విన్నదిగా, తనకి ఆ గతి పట్టనివ్వొద్దంది. అదెంత భాగ్యం, చెప్పకేం అని నిదానం మాటిచ్చేశాడు. నిజాయితీగానే ఇచ్చాడు.

తెల్లవారింది. ఆవిడ తయారై, కుట్టు కేంద్రంలో ఇచ్చిన నీలం కోటు అప్పుడే ఇస్త్రీ చేసి వేసుకుని, గుమ్మం దగ్గర నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. బడిపిల్లలా నవ్వుతోంది. నిదానం వంగి వాసన చూశాడు.

అదే వాసన. అదే చెమట, అదే ఉల్లి, అదే పూలు. ఆ కోటు కూడా జారుడు గుడ్డదే. అదే బకెట్లో నానింది, అదే సీసా నీళ్ళలో మునిగింది, అదే పెట్టె కింద అణిగింది. తన చొక్కాలన్నీ ఒక్కొక్కటిగా బాగుచేసుకున్న ఇన్నాళ్ళలో, ఆవిడ కోటు మాట ఆయనకి ఒక్కసారి కూడా తట్టలేదు. ఆవిడ కళ్ళు ఆయన ముఖం మీదే ఉన్నాయి. ఆ నవ్వు ఇంకా అలాగే ఉంది. నిదానం ముఖం సర్దుకున్నాడు.

"బాగానే ఉంది," అన్నాడు.

ఆవిడ సంచి భుజాన వేసుకుని హుషారుగా మెట్లు దిగింది. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ నోరు విప్పనివాళ్ళందరి మీదా పళ్ళు నూరిన మనిషి, తీరా తనవంతు వచ్చేసరికి వాళ్ళలాగే చేశాడు. అదీ మాటిచ్చి ఒక్క రాత్రి గడిచేలోపల. ఆవిడ ఇప్పుడు వెళ్ళి పదిమంది ఆడవాళ్ళ మధ్య కూర్చుంటుంది, వాళ్ళు ఊపిరి బిగబడతారు, ఆవిడ మొగుడు చూశాడన్న ధైర్యంతో చేతులు చాపి కుడుతుంది. అది తలుచుకుంటే ఆయనకి నిలబడబుద్ధి కాలేదు. చెప్పుల్లేకుండానే మెట్లు దిగి, వీధి మలుపు దగ్గర ఆవిణ్ణి అందుకున్నాడు. ఆయాసం తీరకుండానే చెప్పేశాడు. వాసన వస్తోంది, నా చొక్కాలకి వచ్చినట్టే వస్తోంది, ఇందాక చెప్పలేకపోయాను అన్నాడు.

పక్కనుంచి ఎవరో వెళ్తుంటే ఆవిడ దారి ఇచ్చి, గోడవైపు జరిగి నిలబడింది.

"అయితే నన్ను కిటికీ పక్క మిషన్‌కి మార్చింది గాలి కోసం కాదన్నమాట," అంది. "కిటికీ నాకే ఇచ్చారని మా తమ్ముడితో కూడా చెప్పుకున్నా."

ఆవిడ కోటు బొత్తాలు విప్పి, కోటు తీసి, ఆయన చేతిలో పెట్టింది. రేపట్నుంచి మొదటిసారే చెప్పమంది. అని, మామూలు బట్టల్లోనే పనికి వెళ్ళిపోయింది. కోటు ఇంకా ఇస్త్రీ వేడి మీదే ఉంది. ఆయన దాన్ని తిరగేసి మడిచి, చంకలో పెట్టుకుని, ఉత్త కాళ్ళతోనే సెలూన్ వైపు నడిచాడు.